ఎర్ర సుద్దలో కూర్చున్న అక్క

నేను బరోక్ బొమ్మల క్లాసులో చేరింది కళ మీద ప్రేమతో కాదు, బుధవారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్నందుకు. చదువు కోసం దేశం దాటి వచ్చి, గ్వెల్ఫ్ అనే ఊళ్లో నేను చేస్తున్నది సప్లై చెయిన్ డిప్లొమా. దాంతోపాటు ఆ చదువుతో ఏ సంబంధమూ లేని సబ్జెక్టు ఒకటి పూర్తి చేయాలని కాలేజీలో నియమం. ఎందుకు పెట్టారో నాకప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ ఏళ్లలో ఊరంతా మాలాంటివాళ్లే. బస్సెక్కితే వెనక సీట్లో తెలుగు, కాలేజీ మెట్ల మీద తెలుగు, కాఫీ షాపు కౌంటర్ వెనక తెలుగు. నేను పోర్టల్ తెరిచేసరికి తేలికగా పాసయ్యే క్లాసులన్నీ నిండిపోయాయి. నా కాఫీ షాపు షిఫ్టులకు అడ్డం పడకుండా మిగిలింది ఒక్కటే: పదిహేడో శతాబ్దంలో ఆరుబయట సరదాగా గడిపే మనుషుల్ని చాక్‌తో గీసిన బొమ్మలు. అంత పొడుగు పేరులో నాకు అర్థమైంది చాక్ ఒక్కటే. చాక్‌పీసు మనకు తెలియనిదా అనుకుని నొక్కేశాను.

బడిలో నేను క్లాస్ లీడర్ని. స్టాఫ్ రూమ్ నుంచి చాక్‌పీసుల డబ్బా తేవడం, బోర్డు మీద తేదీ వేయడం, మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం నా పని. ఆ అనుభవమంతా మొదటి క్లాసులోనే ఎందుకూ పనికిరాకుండా పోయింది. పాఠం చెప్పేది నెరిసిన జుట్టున్న పొట్టి ఆవిడ. తనను పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు, మేడమ్ అన్నాను. చివరిదాకా మేడమ్ అనే పిలిచాను. ఆవిడ ప్రతిసారీ ఎవరో వెనక నిలబడ్డారేమోనన్నట్టు ఒక క్షణం ఆగేది.

ఆవిడ మా ముందు మూడు పుల్లలు పెట్టింది. ఒకటి నలుపు, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. ఇవి ఫ్యాక్టరీలో పోత పోసినవి కావని, ఆ కాలంలో చిత్రకారులు నేలలోంచి తవ్విన మెత్తటి రాళ్లను కోసి పుల్లలు చేసుకునేవారని చెప్పింది. ఎర్రదాన్ని వేలితో రుద్ది చూశాను. వేలికంటిన రంగు చూసి నాకు మతి పోయింది. అది జాజు. మా కరీంనగర్‌లో అమ్మమ్మ పండక్కి గడపలకు పూసే జాజు. గడప మీద పూసేదాన్ని ఇక్కడ అద్దాల చట్రంలో పెట్టి, లైటు తగ్గించి, గుసగుసగా మాట్లాడతారా అని బుర్ర గోక్కున్నాను. పక్కనున్న పంజాబీ అబ్బాయికి చెబుదామనుకున్నాను కానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

బరోక్ అంటే ఏమిటో తెర మీద చూపించింది. పెద్ద పెద్ద నూనె రంగుల బొమ్మలు. గుర్రాలెక్కిన రాజులు, మబ్బుల్లోంచి జారిపడుతున్న దేవదూతలు, ఎగిరిపడే గుడ్డలు, ఎవరూ ఒకచోట స్థిమితంగా ఉండరు. మా ఊరి సినిమా హాలు ముందు కటౌట్లు గుర్తొచ్చాయి. సరే, ఇది అర్థమైందిలే అనుకుంటుండగా తెర మారింది. అదే కాలం, అలాంటి చిత్రకారుల చేతులే, కానీ చాక్ బొమ్మలు. చెట్ల కింద గడ్డి మీద నలుగురు కూర్చున్నారు. ఒకామె పక్కకు ఒరిగింది. ఒకాయన మోచేతి మీద వాలాడు. ఇంకోచోట గడ్డకట్టిన కాలువ మీద జనం జారుతున్నారు, గట్టున ఒకడు ఊరికే చూస్తున్నాడు.

"వీళ్లేం చేస్తున్నారు?" అని అడిగాను.

"ఏమీ చేయడం లేదు. మన సబ్జెక్టు అదే" అంది ఆవిడ.

నేను దాన్ని బుద్ధిగా నోట్స్‌లో రాసుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు చదివినా అందులో చదవడానికి ఏముందో తెలియలేదు. నాకు తెలిసిన లోకంలో ఏమీ చేయకుండా కూర్చున్న మనిషికి ఒంట్లోనన్నా బాగుండి ఉండదు, బస్సన్నా వచ్చి ఉండదు.

ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు. ఇలాంటి బొమ్మలకు చాక్ ఎందుకు కుదిరిందో వారం వారం చెప్పేది. సిరాతో గీయాలంటే సిరాబుడ్డి కావాలి, బల్ల కావాలి, గీత పడిందంటే పడినట్టే. చాక్ జేబులో పడేసుకుని తోటలోకి నడిచిపోవచ్చు. విరిగితే ముక్కతో గీయొచ్చు. మొనతో ఒక గీత గీసి, అదే పుల్లను అడ్డంగా పడుకోబెట్టి లాగితే చెట్టు నీడంతా ఒక్కసారిగా పడుతుంది. ఆకు ఆకూ గీయనక్కర్లేదు. ఒంటి రంగుకు ఎరుపు, బట్టలకు నలుపు, పట్టు మీది మెరుపుకు తెలుపు, ఎండకు ఖాళీ కాగితం. నాకు ఇదంతా వినడానికి బాగానే ఉండేది. బొమ్మ ముందుకు వెళ్తే మాత్రం ఆమె లంగా ఎక్కడ అయిపోయిందో, గడ్డి ఎక్కడ మొదలైందో పోల్చుకోలేకపోయేదాన్ని. ఇది పూర్తయిన బొమ్మేనా అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, "అయి ఉండొచ్చు" అంది. ఫీజు కట్టి వినాల్సిన జవాబు కాదది.

ఇంటికొచ్చి అక్కకు ఇవన్నీ ఏకరువు పెట్టేదాన్ని. అక్క అంటే సొంత అక్క కాదు. మేం అద్దెకుండే బేస్‌మెంట్‌లో లోపలి గది తనది, హాల్లో పరుపు నాది. అనంతపురం వైపు అమ్మాయి. నాకంటే రెండేళ్లు ముందొచ్చి, చదువు ముగించి, వర్క్ పర్మిట్ మీద కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేసేది. లైన్ దగ్గర పని, షిఫ్టంతా నిలబడే ఉండాలి. అలవాటైపోయి ఇంట్లో కూడా నిలబడే టీ తాగేది, నిలబడే తినేది, సింకుకు ఆనుకుని ఫోన్ మాట్లాడేది. కూర్చోక్కా అంటే, కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదు మే అనేది. నేను దిగిన మొదటి చలికాలంలో నాకు బూట్ల లేసులు కట్టడం దగ్గర్నుంచి బస్సు పాస్ తీయించడం దాకా అన్నీ తనే చేసింది. ఆ ఊళ్లో నాకున్నది తనొక్కతే.

తను వెళ్లిపోతుందని ఆ టర్మ్ మధ్యలో తెలిసింది. దూరంగా మానిటోబా రాష్ట్రంలో ఉద్యోగం ఆఫర్ వచ్చింది, అక్కడైతే పీఆర్, అంటే ఈ దేశంలో ఉండిపోయే హక్కు, తొందరగా వస్తుందని అందరూ చెప్పారు. వెళ్లకు అనడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు. నాకు తోచదు అన్నది కారణం కింద లెక్కలోకి రాదు.

ఆ వారమే క్లాసులో మేడమ్ కొత్త విషయం చెప్పింది. చాక్ కాగితానికి పట్టుకోదు, పైపైన పొడిలా నిలుస్తుంది. అందుకని కొందరు బొమ్మ మీద తడిపిన కాగితం వేసి, బరువు పెట్టి నొక్కేవారట. ఆ పొడిలో కొంత తడి కాగితానికి అంటుకుని ఇంకో బొమ్మ తయారవుతుంది, కాకపోతే కుడి ఎడమ అవుతుంది. దాన్ని కౌంటర్‌ప్రూఫ్ అంటారు. నేను మనసులో ఎదురచ్చు అని పేరు పెట్టుకున్నాను. క్లాసులో నాకు మొదటిసారి పూర్తిగా అర్థమైన సంగతి అదే. అందుకే దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను.

తర్వాతి బుధవారం మమ్మల్ని ఒక మ్యూజియంకు తీసుకెళ్లింది. చేతులు కడుక్కుని, పెన్నులు బయట పెట్టి, చిన్న గదిలో బల్ల చుట్టూ నిలబడ్డాం. బల్ల మీద నిజమైన బొమ్మ, అద్దం కూడా లేదు. తోటలో విందు. ఒకామె పక్కనున్నాయనకు పండు అందిస్తోంది. ఒకాయన ఇంకొకరి గ్లాసులోకి వైన్ వంచుతున్నాడు. చిన్నపిల్ల రొట్టె కోసం చెయ్యి చాపింది. నేను చూశాను, మళ్లీ చూశాను. ఆమె పండు ఇస్తున్నది ఎడమ చేత్తో. ఆయన వంచుతున్నది ఎడమ చేత్తో. పిల్ల చాపింది ఎడమ చెయ్యి. ఇంతమందిలో ఎవరికీ తట్టలేదు, నాకు తట్టింది.

"ఇది అసలు బొమ్మ కాదు మేడమ్, కౌంటర్‌ప్రూఫ్" అన్నాను.

ఎలా చెప్పగలవని ఆవిడ అడిగింది.

"అందరూ ఎడమ చేత్తో ఇస్తున్నారు. అతిథికి పండు ఎడమ చేత్తో ఎవరిస్తారు? తిరగబడింది కాబట్టే అలా ఉంది."

ఆవిడ నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, వెనక చెట్టు నీడలో సగం కలిసిపోయిన ఒక మనిషిని చూపించింది. వీణలాంటి వాద్యం పట్టుకుని ఉన్నాడు. మీటేది కుడి చేత్తోనే. నీడ కోసం గీసిన అడ్డగీతలు కూడా కుడిచేతివాటం మనిషి గీసే వైపుకే వాలి ఉన్నాయి. పొడి కాగితం గరుకు మీద మందంగా నిలిచి ఉంది, ఎదురచ్చయితే చదునుగా వెలిసినట్టుంటుంది. ఇది అసలు బొమ్మే. పప్పులో కాలేశాను.

"మరి వాళ్లు ఎడమ చేత్తో ఎందుకిచ్చారు?"

"ఆయన ఆమెకు ఎడమ పక్కన కూర్చున్నాడు కదా. ఆ చెయ్యే దగ్గర" అంది ఆవిడ.

ఇంత మామూలు జవాబు నన్ను చాలా రోజులు పీడించింది. చెయ్యి దగ్గరగా ఉంటే చాలా? చిన్నప్పుడు కిరాణా కొట్లో డబ్బులు ఎడమ చేత్తో ఇచ్చినందుకు అమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. ఆ దెబ్బకు అర్థమే లేదా, లేక ఈ తోటలో కూర్చున్నవాళ్లకే పద్ధతి లేదా? బస్సులో కూర్చుని ఎదుటివాళ్ల చేతులు చూసేదాన్ని. కార్డు ఏ చేత్తో తాకిస్తున్నారు, కాఫీ ఏ చేత్తో అందుకుంటున్నారు. కౌంటర్ దగ్గర నేను మాత్రం కుడి చేత్తోనే ఇచ్చేదాన్ని, ఎంత రద్దీ ఉన్నా, రెండు చేతులూ అడ్డం పడినా.

మేడమ్ చివరి అసైన్‌మెంట్ అప్పుడిచ్చింది. ఆరుబయట విశ్రాంతిగా ఉన్న మనిషిని ఎదురుగా చూస్తూ చాక్‌తో గీయాలి, చాక్ దేనికి ఒప్పుకుంది, దేనికి ఒప్పుకోలేదు అని ఒక పేజీ రాయాలి. బొమ్మ ఎలా ఉన్నా ఫర్వాలేదు, చూసి గీసి ఉండాలి, అసలు కాగితమే ఇవ్వాలి. కొన్ని నెలలపాటు కాలేజీ వరండాలో వేలాడదీస్తుందట. నాకు గీయడం రాదన్నది ఒక సమస్య. దానికంటే పెద్ద సమస్య, విశ్రాంతిగా ఉన్న మనిషి నాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ లేరు. పార్కులో తెల్లవాళ్లు ఎండ కాచుకుంటూ పడుకుని ఉంటారు కానీ, ఎవరో పడుకుని ఉంటే ఎదురుగా కూర్చుని ఎగాదిగా చూడలేం కదా.

అక్క శుక్రవారం వెళ్లిపోతుంది. దానికి ముందు ఆదివారం మా ఇద్దరికీ సెలవు దొరికింది. చాలాకాలం తర్వాత కుదిరిన సెలవది.

"పార్కులో కూర్చుంటావా అక్కా? నేను బొమ్మ గీస్త" అన్నాను.

"కూచోని ఏం జేయాల?"

"ఏం చేయొద్దు. అదే సబ్జెక్టు."

"ఇది జెప్పేదానికా నీకు కాలేజీ?" అంది కానీ, పొద్దున్నే లేచి పులిహోర కలిపింది.

నది పక్కన గడ్డి మీద పాత దుప్పటి పరిచాం. జూన్ ఎండ, గాలి ఎక్కువ. అక్క మొదట పద్ధతిగా కూర్చుంది, ఇంటర్వ్యూకు వచ్చినట్టు. కాసేపటికి కాళ్లు చాపింది. డబ్బా తెరిచి చుట్టూ ఒకసారి చూసింది. పక్క దుప్పటి వాళ్లు ఫోర్కులతో ఏదో తింటున్నారు. స్పూన్ తెచ్చావా అని నన్ను అడిగి, తేలేదంటే, "పోనీలే" అని కుడి చేత్తో ముద్ద కలిపింది. ఎడమ చెయ్యి వెనక్కి గడ్డిలో ఆనించింది. అలాగే ఉండమని చెప్పి ఎర్ర పుల్ల తీశాను.

కాగితం ఎగిరిపోకుండా మోకాలితో తొక్కిపెట్టి గీశాను. మొదటి గీతకే పుల్ల విరిగింది. ముక్కను పడుకోబెట్టి లాగితే, ఆశ్చర్యంగా, భుజం వచ్చింది. అది నేను గీసింది కాదు, దానంతట అదే వచ్చింది. చాపిన కాళ్ల బరువు వచ్చింది. చున్నీ దగ్గర కాగితం వదిలేస్తే ఎండ అక్కడ కూర్చుంది. అరచెయ్యి తగిలి గడ్డి చెరిగిపోయింది, చెరిగాకే గడ్డిలా కనబడింది. మేడమ్ చెప్పినవన్నీ ఒక్కొక్కటే నా చేతికి తెలుస్తున్నాయి, తలకు మాత్రం ఇంకా అందడం లేదు.

అక్క తింటూ మాట్లాడుతూనే ఉంది. మానిటోబాలో దిగాక ఎవరింట్లో ఉండాలో ఖాయం కాలేదు. ఆఫర్ ఇచ్చినవాళ్లు మాట మారిస్తే ఎట్లా. అక్కడ ఒక్క ముఖమూ తెలియదు. "నాకు భయంగా ఉండాది మే" అంది, నది వైపు చూస్తూ. అప్పుడు తన కనుబొమల మధ్య రెండు గీతలు పడ్డాయి. ఆ గీతలు గీద్దామని చూశాను. చాక్‌కు అంత సన్నటి మొన రాదు. ఒకసారి గీస్తే మచ్చ అయింది, వేలితో తుడిస్తే నీడయింది, మళ్లీ గీస్తే ఎండలో కళ్లు సగం మూసినట్టయింది. తన కంటి కింద నలుపు, పెదవి కొరుక్కోవడం, ఏదీ ఎక్కలేదు. అక్కడ నా ఎదురుగా ఉన్న మనిషి దిగులుగా ఉంది. కాగితం మీది మనిషి కడుపు నిండి, చల్లగాలికి కూర్చుని ఉంది.

నాకు ఉన్నట్టుండి ఆ తోటలో కూర్చున్నవాళ్లందరి మీదా అనుమానం వచ్చింది. వాళ్లకూ ఏవో గొడవలుండే ఉంటాయి. ఆ పండందుకున్నాయన మర్నాడు ఎక్కడికో పోవాల్సినవాడేమో. వాళ్లు నిజంగా సుఖంగా ఉన్నారా, లేక చాక్‌కు దిగులు గీయడం రాదా? ఇది మేడమ్‌ను అడగాలనుకున్నాను. ఆవిడ అయి ఉండొచ్చు అంటుందని ముందే తెలుసు.

అక్క చెయ్యి కడుక్కుని వచ్చి నా వెనక నిలబడి చూసింది.

"ఇది నేనేనా? ఇంత నిమ్మళంగా ఉండానా నేను?"

"అట్లనే వచ్చింది అక్కా. నాకేం తెల్వదు."

"ఇది నాకియ్యి మే."

ఎందుకని అడిగాను. ఫోన్ తీసి ఫొటోలు జరిపి చూపించింది. జలపాతం ముందు నిలబడి, మంచులో నిలబడి, గ్రాడ్యుయేషన్ గౌనులో నిలబడి, యూనిఫామ్‌లో లైన్ పక్కన నిలబడి. "ఈ దేశంలో నేను కూచున్నట్టు యాడా లేదు. ఇదొక్కటే" అంది.

నేను కాలేజీకి ఇవ్వాలని చెప్పాను. ఇవ్వకపోతే సబ్జెక్టు పోతుందని, పోతే మళ్లీ కట్టి చదవాలని, అసలు కాగితమే కావాలంటారని. తన ముఖం మారలేదు. "సరేలే" అంది, దుప్పటి దులుపుతూ. నా మీద అరిచినా బాగుండేది. నేను దిగినప్పట్నుంచీ నాకోసం అంత చేసిన మనిషి నన్ను అడిగింది ఒక్క కాగితం. ఇంటిదాకా నడుస్తూ నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీద కోపమో తెలియలేదు.

రెండు రోజులు తల పట్టుకుని తిరిగాను. ఇంకోటి గీద్దామంటే తనకు మళ్లీ సెలవు లేదు, కూర్చున్న మనిషే లేదు. అప్పుడు ఎదురచ్చు గుర్తొచ్చింది. ఒకటి రెండవుతుంది కదా. మంగళవారం సాయంత్రం అక్క షిఫ్టులో ఉండగా వంటగది గట్టు తుడిచి బొమ్మ పరిచాను. మంచి కాగితాన్ని తడిపిన ఇడ్లీ బట్టలో చుట్టి, తడి సమంగా పట్టాక బొమ్మ మీద వేశాను. పైన ఇంకో బట్ట, దాని మీద చపాతీ కర్రతో ఒత్తాను, జరక్కుండా, ఊపిరి బిగబట్టి. ఆ పైన కూరగాయలు కోసే చెక్క పెట్టి, సోనా మసూరి సంచీ ఎత్తి దాని మీద పెట్టాను. మ్యూజియంలో చేతులు కడిగించిన మేడమ్ ఇది చూస్తే ఏమనేదో.

సంచీ దించి కాగితం అంచు పట్టుకుని మెల్లగా లేపాను. ఉంది. లేత ఎరుపులో అక్క ఉంది. కాళ్లు అటు చాపినది ఇటు చాపింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. కింద అసలు బొమ్మ వెలిసిపోయింది. నేను కాపీ చేశాననుకున్నాను, నిజానికి ఉన్న పొడిని ఇద్దరికీ పంచాను. మేడమ్ ఆ సంగతి చెప్పే ఉంటుంది, నాకు అర్థమైందనుకున్న చోటే నేను విననిదేదో ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అలాగే నిలబడ్డాను. ఏది ఎవరికివ్వాలి, ఏది అసలుది, ఏదైనా అసలుదేనా, ఒక్కటీ తేల్చుకోలేకపోయాను.

అక్క వచ్చి బూట్లు విప్పకుండానే చూసింది. మొదట కొత్తదాన్ని అందుకుంది, అది తడి వల్ల అంచులు ముడతలుపడినా లేతగా ముద్దుగా ఉంది. చూస్తూ చూస్తూ ముఖం చిట్లించింది.

"ఏంది మే ఇది, ఎడం చేత్తో తింటాండా?"

నవ్వాపుకోలేక ఇద్దరం గట్టు పట్టుకుని నిలబడ్డాం. మా అమ్మ చూస్తే ఆ దేశం పోయి ఇదా నేర్చుకున్నావంటుంది అని, అక్క నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వులోనే నాకు తేలిపోయింది. కుడి చేత్తో తింటున్నది తనకిచ్చేశాను. కాలేజీకి మరి అని తనంటే, నేను చూసుకుంటానన్నాను. ఏం చూసుకుంటానో నాకు తెలియదు. తను దాన్ని బటర్ పేపర్‌లో పెట్టి, సూట్‌కేసులో రెండు చీరల మధ్య పరిచింది. శుక్రవారం పొద్దున బస్సెక్కే ముందు, బియ్యం సంచీ సగమే వాడాం, పురుగు పట్టకముందే తిను అని చెప్పింది. మేం ఎదురెదురుగా మాట్లాడుకున్న ఆఖరి సంగతి అదే.

మేడమ్ నా కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. "అసలుది ఎక్కడుంది?" అని అడిగింది.

"మానిటోబాలో" అన్నాను. ఆ తర్వాత, ఎలా కనిపెట్టారు మేడమ్, పొడి చదునుగా ఉందనా అని అడిగాను.

"ఈ అమ్మాయి ఎడమ చేత్తో తింటోంది. పండు కూడా ఎడమ చేత్తో ఇవ్వరని నువ్వే కదా చెప్పావు" అంది.

మార్కులు కోసింది. అసలు కాగితం అడిగాను కాబట్టి కోయక తప్పదంది. నేను రాసిన పేజీ చదివి, చాక్‌కు దిగులు గీయడం రాదా అన్న నా ప్రశ్న కింద గీత గీసి వదిలేసింది. అయి ఉండొచ్చు అని కూడా రాయలేదు. గట్టెక్కాను, అంతే. ఎడమ చేత్తో తింటున్న అక్క ఆ చలికాలమంతా వరండాలో వేలాడింది. క్లాసులకు పోతూ వస్తూ నేను తల దించుకునేదాన్ని, ఆమెకేదో అన్యాయం చేసినట్టు.

డిప్లొమా అయ్యాక నేను స్కార్‌బరో వచ్చేశాను. ఎత్తైన అపార్ట్‌మెంట్లో నా గది గోడ మీద, కాలేజీ వరండా నుంచి తిరిగొచ్చిన ఆ కాగితం ఉంది. ఉద్యోగానికి బస్సు, సబ్‌వే మారి వెళ్లాలి, ఎక్కువసార్లు కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్తాను. అక్క అక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒక గది నుంచి ఇంకో గదికి మారింది. ఫోన్లు తగ్గాయి. పండగలకు మెసేజ్‌లు మిగిలాయి. పీఆర్ వచ్చిందన్నది కూడా మెసేజ్‌లోనే తెలిసింది.

మొన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. మామూలు మాటలయ్యాక గొంతు తగ్గించి, "నీ బొమ్మ పోయింది మే" అంది. ఇళ్లు మారినప్పుడల్లా కదిలి, బటర్ పేపర్‌కు అంటుకుని, పొడి రాలిపోయిందట. ముఖం లేదు, చాపిన కాళ్లు లేవు. "ముద్ద పట్టుకున్న చెయ్యొక్కటి ఉండాది. చూస్తే నాకే నవ్వొచ్చింది, తర్వాత బాధయింది. నీకు చెప్పేదానికి మొగం చెల్లలే."

నేను గోడ వైపు చూశాను. తడి కాగితంలోకి ఒత్తుకుపోయిన పొడి అలాగే ఉంది. వెలిసినట్టుగానే ఉంది కానీ, అప్పటికంటే ఇప్పుడు ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. మంచిదని తనకిచ్చింది రాలిపోయింది. పనికిరాదని నా దగ్గర ఉంచుకున్నది నిలిచింది. దీంట్లో న్యాయం ఏమిటో నాకు అర్థం కాలేదు, కాదని తెలిసి వెతకడం మానేశాను.

"నాదగ్గర ఇంకోటి ఉంది కదక్కా. ఫొటో తీసి పంపిస్త. ఫోన్‌లో తిప్పితే కుడి చెయ్యి అయితది, ఒక్క నిమిషం" అన్నాను.

అటువైపు మెషీన్ల రొద వినబడుతోంది.

"ఎక్కడున్నవక్కా?"

"లైన్ కాడ. బ్రేక్ ఇంగా అయిపోలే." ఆ రొద మీద గొంతు పెంచింది. "తిప్పొద్దులే, ఉన్నెట్లే పంపు. ఏ చెయ్యయితే ఏం మే, కూచోని తింటాండా గదా."

నేను గోడ మీంచి కాగితం దింపి, కిటికీ వెలుతురులో పెట్టి, ఉన్నది ఉన్నట్టే ఫొటో తీసి పంపాను.